సోమవారం సంచి

మా ఇంట్లో వారం సోమవారంతో మొదలవుతుంది. ఆదివారంతో మొదలవుతుందని బడిలో పిల్లలకు చెప్పేది మేమే అయినా ఇంటికి వచ్చాక ఆ లెక్క చెల్లదు. ఇంద్రవెల్లి అంగడి సోమవారం. ఉప్పు డబ్బా, నూనె సీసా, చాయపత్తి డబ్బా ఆ రోజు నిండుతాయి, ఆదివారం నాటికి అడుగంటుతాయి. మా అమ్మ తన పెళ్ళి, మా పుట్టుకలు, ఊళ్ళో చావులు అన్నీ "ఫలానా అంగడి అయిన రెండో రోజు", "ఫలానా అంగడికి ముందు రోజు" అనే చెబుతుంది. తేదీలు ఆమెకు తెలియవు. ఒక్క తేదీ మాత్రం తెలుసు. దాని సంగతి ముందు వస్తుంది.

గోండుల చరిత్ర మీద మాట్లాడమని మమ్మల్ని పిలిచినప్పుడల్లా చాందా రాజుల కోటలు, కుమ్రం భీము పోరాటం, భూముల చట్టాలు చెప్పి వస్తుంటాం. అవన్నీ చెప్పాల్సినవే. అయితే ఆ కాలాల్లో మన పొయ్యి మీద ఏముండేది, అది ఎక్కడి నుంచి వచ్చేది, దాని కోసం ఎవరికి ఎంత ఇచ్చుకున్నాం అన్నది ఎవరూ అడగరు, మేమూ చెప్పలేదు. ఈసారి సంక్రాంతి సెలవులకు ఇంటి దగ్గరే ఉన్నాం. అది పుష్య మాసం, ఆ వారం చివర ఆదివారం అమావాస్య, కేస్లాపూర్ నాగోబా జాతర. ఆ ఏడు రోజులు ఇంట్లోకి వచ్చింది, ఇంట్లో ఉడికింది అంతా ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. రాస్తున్నకొద్దీ అమ్మ పక్కన కూర్చొని తన కాలపు లెక్కలూ, మా అవ్వ కాలపు లెక్కలూ చెప్పింది. ఈ వ్యాసం ఆ నోటుబుక్కులో నుంచి వచ్చింది.

ముందు సంచి సంగతి. ఇంట్లో ఎనిమిది మందిమి: అమ్మ, అన్న, వదిన, వాళ్ళ ఇద్దరు పిల్లలు, మేమిద్దరం, మా పాప. ఆ సోమవారం కొన్నవి ఇవి. నూనె ప్యాకెట్లు రెండు 300, ఉప్పు కిలో 20, ఉల్లిగడ్డ రెండు కిలోలు 60, ఆలుగడ్డ కిలో 30, ఎల్లిపాయ పావుకిలో 40, చక్కెర కిలో 45, చాయపత్తి 60, జాతర కోసం బెల్లం కిలో 60, ఎండు చేపలు 100, సబ్బులు 80, కొబ్బరికాయలు రెండు 60. మొత్తం 855 రూపాయలు. జీతం వచ్చే ఇల్లు కదా ఇంత గీచి గీచి ఖర్చు పెట్టడమెందుకని కొందరు నవ్వుతారు. జీతం ఒకటే, తినే నోళ్ళు ఎనిమిది, ఇంటి అప్పు ఒకటి, పత్తి చేను పెట్టుబడి అప్పు ఒకటి. పైగా సంచి అమ్మ చేతిలో ఉంటుంది. ఆమె చేతిలో నుంచి పది రూపాయలు జారాలంటే ఆ పది రూపాయలకు మంచి కారణం ఉండాలి.

బియ్యం ఈ లెక్కలో లేవు. రేషను కార్డులో మా పేర్లు లేవు, ప్రభుత్వ ఉద్యోగం కదా. అమ్మ, అన్న, వదిన, పిల్లలు కలిపి ఐదుగురు. మనిషికి 6 కిలోల చొప్పున నెలకు 30 కిలోలు. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. వాటిని ఎసట్లో పోస్తూ వదిన, "ఇవి పెళ్ళి బియ్యం" అంటుంది. ఆమె చిన్నప్పుడు అంత సన్నని అన్నం పెళ్ళిళ్ళలోనే చూసిందట.

మా అవ్వ, అంటే నాయన తల్లి, అంగడికి పోయిన కాలంలో సంచి రెండు వైపులా నిండేది. పోయేటప్పుడు గంపలో నువ్వులు, ఆముదాలు, సారపప్పు, బంక, చింతపండు, ఒక కోడిపుంజు. వచ్చేటప్పుడు ఉప్పు, ఎండు మిరపకాయలు, పొగాకు, గ్యాసునూనె, ఏడాదికి రెండుసార్లు బట్ట. తినే గింజ కొనడమనేది ఆమెకు సిగ్గుపడే పని. జొన్నలు, సామలు, కొర్రలు, కందులు, మినుములు, బొబ్బర్లు, నువ్వులు అన్నీ చేనులోనే. 1940ల మొదట్లో మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్న హైమండార్ఫ్ దొర తన పుస్తకాల్లో రాసింది కూడా ఇదే. గోండు ఇల్లు తన తిండి తాను పండించుకుంటుంది, ఉప్పు వంటి కొద్ది వాటి కోసమే బజారుకు పోతుంది. ఆయన మన దగ్గరికి ఎందుకు వచ్చాడన్నది కూడా తిండి కథే. అడవిని రిజర్వు చేసి గూడేలను లేపేసినప్పుడు పోయింది ఇళ్ళే కాదు, ఇంటి వెనుక మక్కపెరడు పోయింది, జొన్నచేను పోయింది. పశువులు మేసినందుకు బంచరాయి పన్ను కట్టాల్సి వచ్చింది. బాబెఝరి, జోడేఘాట్ చుట్టూ పన్నెండు గూడేల కోసం భీము నిలబడ్డాడు. 1940లో జోడేఘాట్‌లో ఆయనను చంపాక, గోండులకు ఎందుకంత కోపం వచ్చిందో తెలుసుకొని రమ్మని నిజాం సర్కారు హైమండార్ఫ్‌ను పంపింది. 1943లో ఆయన మార్లవాయిలో గోండు పంతుళ్ళ శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండీ వాచకాలు దేవనాగరి అక్షరాల్లో అచ్చయ్యాయి. మావంటి ఆదివాసీ పంతుళ్ళ మొదటి వరుస అక్కడ తయారైంది. ఆ వరుస చివర ఎక్కడో మేమున్నాం.

అవ్వ కాలం బంగారు కాలం అని రాయాలని మాకు లేదు. గంప నిండుగా పోయేది, నిజమే. కాంటా మాత్రం అవతలి మనిషి చేతిలో ఉండేది. కొనేటప్పుడు సావుకారు పాయిలి కుప్పపోసి కొలిచేవాడు, అమ్మేటప్పుడు చేత్తో చదును చేసి కొలిచేవాడు. ఒకే పాయిలి, రెండు కొలతలు. కొలతలు పోయి కిలోలు వచ్చాక కూడా కాంటా కింద చింతపండు ముద్ద అంటించి ఉండడం అవ్వ కళ్ళారా చూసిందట. అడిగితే, "అంటుకుంది ముసలవ్వా, నీ చింతపండే" అన్నాడట. సారపప్పుకు ఉప్పు సరితూకం ఇచ్చిన కథ ఏజెన్సీ అంతటా వినిపిస్తుంది, మా ఇంట్లోనూ ఉంది. ఈనాడు సారపప్పు ధర తెలిసిన మా పిల్లలు ఆ కథ వింటే అవ్వ అబద్ధమాడుతోందనుకుంటారు.

దాని కన్నా కష్టం నాగు. ఆషాఢం, శ్రావణంలో గుమ్మి అడుగు కనిపించేది. విత్తనానికో, తిండికో సావుకారు దగ్గర జొన్నలు నాగుకు తెచ్చేవారు. పంటకు ఒకటికి ఒకటిన్నర కొలవాలి. వానలు పోతే ఒకటిన్నర మీద మళ్ళీ నాగు. మా తాత రెండేళ్ళ నాగు తీర్చలేక నాలుగెకరాల నల్లరేగడి దున్నుకోవడానికి ఇచ్చేశాడు. "దున్నుకోవడానికి" ఇచ్చిన భూమి తిరిగి రాలేదు. ఆదివాసుల భూమి ఆదివాసేతరులు కొనకూడదని 1959లో నిబంధన వచ్చింది. 1970లో 1/70 వచ్చి దాన్ని గట్టిపరిచింది. అప్పుల వ్యాపారం మీద కూడా నిబంధనలున్నాయి. కాగితం గట్టిదే. తాత వేలిముద్ర మాత్రం ఏ కాగితం మీద పడిందో మాకు ఇప్పటికీ తెలియదు. అటవీ సరుకు సావుకార్ల చేతిలో పడకుండా, ఉప్పూ పప్పూ సరైన ధరకు దొరకాలని 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ డిపో మా వైపు కూడా వచ్చింది. అక్కడ ధర బాగుండేది, డబ్బు ఆలస్యమయ్యేది. ఉప్పు లేని ఇల్లు ఆలస్యాన్ని ఎంత కాలం ఓర్చుకుంటుంది? సావుకారు ఉద్దెర పుస్తకం మూయకుండా ఉన్నంత కాలం అవ్వ ఆయన అరుగు మీదికే పోయింది.

ఇక అమ్మకు తెలిసిన ఆ తేదీ. 1981 ఏప్రిల్ 20. అదీ సోమవారమే. గిరిజన రైతుకూలీ సంఘం ఇంద్రవెల్లిలో సభ పెట్టింది. పోడు భూములకు పట్టాలు కావాలి, సావుకార్ల దోపిడీ ఆగాలి, అడవి సరుకుకు సరైన ధర కావాలి. జనం ఎలాగూ అంగడికి వస్తారు కనుక సోమవారం పెట్టారు. సభకు అనుమతి లేదని చివర్లో చెప్పారు. గూడేల్లో ఆ మాట ఎవరికి చేరుతుంది? సభకు వచ్చినవాళ్ళెవరో, ఉప్పుకు వచ్చినవాళ్ళెవరో వేరు చేసి చూడడం సాధ్యం కాదు. చాలామంది రెండింటికీ వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. ఊళ్ళ లెక్క దానికి చాలా ఎక్కువ.

ఆ రోజు మా ఇంట్లో ఉప్పు అయిపోయింది. అమ్మ మమ్మల్ని చంకనేసుకొని అంగడి బాట పట్టింది. ఏప్రిల్ ఎండ, ఇప్పపువ్వు రాలే కాలం దాటుతోంది, ఆమె గంపలో ఎండిన ఇప్పపువ్వు ఉంది. సగం దూరంలో జనం ఎదురు పరుగెత్తి వస్తున్నారు. ఒకామె నెత్తిన గంప ఉంది గాని గంపలో ఏమీ లేదు. అమ్మ ఇప్పపువ్వు గంపను ఒక మోదుగు చెట్టు కింద వదిలేసి వెనక్కి మళ్ళింది. ఆ తర్వాత చాలా రోజులు ఎవరూ అంగడికి పోలేదు. ఊళ్ళో ఉన్న ఉప్పు ఇల్లిల్లూ బదులు తిరిగింది. పిడికెడు, తర్వాత చిటికెడు. గట్కలో ఉప్పు తక్కువైతే ఇప్పటికీ అమ్మ, "ఇంద్రవెల్లి గట్క" అంటుంది. పిల్లలకు అది వంట పేరు అనిపిస్తుంది. ఇంద్రవెల్లి పక్కన ఎర్రని స్తూపం ఉంది. అంగడికి బస్సులో పోతుంటే కనిపిస్తుంది. అమ్మ అటువైపు చేతులు జోడించి, దిగగానే ఉల్లిగడ్డ ధర అడుగుతుంది.

మంగళవారం నుంచి సంచి పని తక్కువ, పెరడు పని ఎక్కువ. మా పెరడు పెద్దదేమీ కాదు. వానాకాలం మక్క, దాని మొదట్లో గుమ్మడి, దడి మీద బీర, కాకర. మక్క విరిచాక చలికాలపు పెరడు మొదలవుతుంది. ఈ పుష్యంలో దడి నిండా చిక్కుడు, కొట్టం మీద సొరకాయ, బోరింగు నీళ్ళు పారే చోట టమాట, వంకాయ, కొత్తిమీర, ఉల్లి ఆకు, గోడ పక్కన మునగ, ఒక బొప్పాయి. స్నానం నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు ఏవీ పెరడు దాటి పోవు. ఎక్కడికక్కడ చిన్న కాలువలు తీసి అమ్మ వాటిని మళ్ళిస్తుంది. గిన్నెలకు బూడిద వాడితేనే ఆ నీళ్ళు చెట్లకు అంటుంది. సబ్బు వాడితే వదినతో గొడవ.

ఆ వారం చిక్కుడు మూడుసార్లు తెంపితే రెండు కిలోల పైచిలుకు వచ్చింది. సొరకాయలు రెండు, ఒకటి కూరకు, ఒకటి పక్కింటికి. టమాట మూడు కిలోలు, వంకాయ కిలో, పచ్చిమిరప రెండు దోసిళ్ళు. గుడ్లు పదకొండు, అందులో నాలుగు పొదుగుకు. వానాకాలం నుంచి అటక మీదున్న గుమ్మడికాయ ఒకటి బుధవారం కోశాం. సగం కూర, పావు బెల్లంతో ఉడికించి పిల్లలకు, మిగతా పావు ముగ్గురు పొరుగువాళ్ళకు. గుమ్మడికాయ కోసిన ఇంట్లో ఒక్కరే తినకూడదన్నది మా గూడెం పద్ధతి. కోసిన కాయ నిలవ ఉండదు కదా, పద్ధతి ఎందుకు పుట్టిందో మీరే ఊహించుకోవచ్చు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం లెక్కలో ఎలా రాయాలో మాకు తెలియలేదు. మంగళవారం మేం ఇచ్చిన సొరకాయకు శుక్రవారం గిన్నెడు మజ్జిగ వచ్చింది. ఆ మధ్యలో ఎవరూ ఏమీ అడగలేదు.

గురువారం రాత్రి వంట లేదు. అన్న చేను గట్టు మీది కందికొమ్మలు కోసుకొచ్చాడు. పచ్చి కందికాయలు ఉప్పు నీళ్ళలో ఉడకబెట్టి పెద్ద గిన్నె నడుమ పెట్టుకొని అందరం చుట్టూ కూర్చున్నాం. పొట్టు మేకలకు. ఎనిమిది మంది కడుపులు నిండాయి, ఖర్చు ఉప్పు ఒక్కటే. ఒకసారి బడిలో "సమతుల ఆహారం" చార్టు గోడకు తగిలించాం. బజారులో కొన్నది. అందులో ఆపిల్, రొట్టె ముక్క, గాజు గ్లాసులో పాలు ఉన్నాయి. మూడో తరగతి పిల్లవాడొకడు లేచి, "సార్, ఇందులో మేం తినేవి ఏవి?" అన్నాడు. ఆ చార్టు తీసేసి కందికాయ, చిక్కుడుకాయ, జొన్నరొట్టె, బోడకాకర, ఇప్పపువ్వు బొమ్మలు పిల్లలతోనే గీయించాం. ఇప్పపువ్వు గీసినందుకు తనిఖీకి వచ్చిన ఒకాయన ముఖం చిట్లించాడు. బయటివాళ్ళకు ఇప్పపువ్వు అంటే సారా తప్ప మరొకటి తెలియదు. వేయించి, నువ్వులతో దంచి తిన్న తరాలు వాళ్ళకు తెలియవు. ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్ళు ఇప్పపువ్వు లడ్డూలు చేయడం మొదలుపెట్టాక, పేపర్లలో అది బలమైన తిండి అని రాశాక, ఇప్పుడు అదే పువ్వుకు గౌరవం వచ్చింది. మంచిదే.

పెరడు బాగుందని రాసి ఆగితే అబద్ధమవుతుంది. చేను సంగతి వేరు. మాకున్న ఐదెకరాల్లో నాలుగున్నర ఎకరాలకు పైగా పత్తి. మిగిలింది ఇంటి వెనుక పది గుంటలు. అందులో జొన్న, నడుమ కంది సాళ్ళు, అంచున నువ్వులు. ఇది ఒక్క రోజులో జరగలేదు. పత్తి మన నల్లరేగడికి కొత్తది కాదు, అవ్వ కాలంలోనూ ఉంది. జొన్న పక్కన ఉండేది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పేదవాళ్ళ కడుపు చూసిన పథకం అది. నాగు జొన్నలకు సావుకారు అరుగు ఎక్కే పని చాలావరకు తప్పింది, ఆ మేలు మేం మరచిపోం. అయితే బియ్యం అగ్గువకు దొరికాక, జొన్న చల్లిన ఎకరం దండగ అనిపించడం మొదలైంది. 2002 తర్వాత బీటీ పత్తి వచ్చి ఆ మాటను ఖాయం చేసింది.

జొన్న పోతే గింజ ఒక్కటే పోతుందనుకున్నాం. జొన్నతో సొప్ప పోయింది. సొప్ప లేక ఎడ్లను సాకడం కష్టమైంది. మా నాయన ఒక జతను ఒక జతగా అమ్మలేక ఒక్కొక్క ఎద్దునే అమ్మాడు. ఎడ్లు పోయాక దున్నకానికి ట్రాక్టరు కిరాయి. పేడ లేక ఎరువు బస్తాలు. పత్తిలో కలుపు మందు కొట్టాక సాళ్ళ నడుమ మొలిచే కూరాకులు పోయాయి. వానాకాలం ఆడవాళ్ళు కలుపు తీస్తూనే ఒడి నిండా కూర తెచ్చేవారు. కలుపూ కూరా ఒకే పనిలో తీరేవి. ఇప్పుడు ఆ కూర స్థానంలో సంచిలో ఆలుగడ్డ వస్తోంది. కిలో 30. ఎక్కువేమీ కాదు. ఇలాంటి ముప్ఫైలు, అరవైలు కలిసే సోమవారం 855 అయింది. అవ్వ సంచిలో నూనె లేదు, నువ్వులు గానుగకు పోయి నూనె ఇంటికి వచ్చేది.

పోయిన వానాకాలం అన్న ఆ పది గుంటలు కూడా పత్తి వేద్దామన్నాడు. ఆయన లెక్క ఆయనది. అప్పు ఆయన పేరు మీద ఉంది. అమ్మ మాట్లాడలేదు. పక్క చేనులో ఎవరో కలుపు మందు కొట్టిన రోజు గాలి ఇటు తిరిగింది. దడి మీది తీగ ఆకులు రెండు రోజుల్లో ముడుచుకున్నాయి. అమ్మ ఆ ఆకులు తెంపి అన్న కంచం పక్కన పెట్టింది. ఆ ఏడు పది గుంటలు జొన్నకే మిగిలాయి. వచ్చే ఏటి మాట వచ్చే ఏటికి.

ఆ పది గుంటలు ఇన్నేళ్ళు నిలవడానికి దేవుడే పెద్ద అండ. ఆ మాట భక్తి కొద్దీ అనడం లేదు, లెక్క కొద్దీ అంటున్నాం. మా వైపు పేన్‌కు పెట్టేది ఇంటి గింజ అయి ఉండాలి. కొత్త గింజ దేవుడికి పెట్టకుండా నోట్లో వేసుకోం. ప్యాకెట్టు నూనెతో గారెలు వండి దేవుడి ముందు పెట్టడానికి అమ్మకు చేయి రాదు. నార్నూరు ఖాందేవ్ జాతర చూడండి. పుష్య పౌర్ణమికి తొడసం వంశం ఆడపడుచు ఒకామె రెండు కిలోలకు పైగా నువ్వుల నూనె తాగి మొక్కు తీరుస్తుంది. ఆ నూనె ఇళ్ళలో తీసిన నూనె. నువ్వుల్లో నూనె సగం కూడా రాదు, అంటే ఆ ఒక్క మొక్కు వెనుక ఐదారు కిలోల నువ్వులుండాలి. పేపరువాళ్ళు ఆమె తాగడాన్ని వింతగా ఫొటో తీసి వేస్తారు. ఆ నువ్వులు ఏ చేనులో పండాయో అడగరు. ఆ జాతర లేకపోతే ఎన్ని ఇళ్ళలో నువ్వుల విత్తనం మిగిలేదో మాకు అనుమానమే.

అమ్మ పుట్టిల్లు మెస్రం వారిది. కనుక కేస్లాపూర్ మాకు జాతరా, మేనమామల ఇల్లూ రెండూ. మెస్రం వారు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్ళు కాలినడకన తెస్తారు. మర్రిచెట్టు కింద దిగుతారు. సిరికొండ కుమ్మరి చేసిన కొత్త కుండల్లో ఆడపడుచులు కోనేటి నీళ్ళు తెచ్చి, మట్టి కలిపి పుట్టలు చేస్తారు. అమావాస్య రాత్రి మహాపూజ. కొత్త కోడళ్ళను దేవుడికి చూపే భేటింగ్ ఆ తర్వాతే. గోవాడ్‌లో ఇరవై రెండు పొయ్యిల మీద వంటలు. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా పొయ్యిలు అవే, వంతులవారీగా వండుకుంటారు. ఆదివారం పొద్దున అమ్మ కట్టిన మూటలో జొన్నపిండి, కందిపప్పు, సీసాడు నువ్వుల నూనె, సోమవారం కొన్న బెల్లం, రెండు కొబ్బరికాయలు ఉన్నాయి. పది గుంటల పంటలో మంచి భాగం ఆ మూటలోకే పోయింది. అన్న ఏమీ అనలేదు. బండి లేదు కనుక ఆటోలో పోయాం. కిరాయి రానూపోనూ 400, అది కూడా రాసుకున్నాం.

జాతర తిండి అంటే పిల్లలకు అంగళ్ళు. మహారాష్ట్ర నుంచి కూడా దుకాణాలు వస్తాయి. జిలేబి, ఖాజా, చుడ్వా, మిర్చి బజ్జీలు, చెరకు రసం. ముగ్గురు పిల్లలకు తలా యాభై ఇచ్చాం. పెద్దవాడు వచ్చేటప్పటికి యాభైకీ బజ్జీలు తిని కడుపు పట్టుకున్నాడు. చిన్నవాడు ముప్ఫై పెట్టి పీక కొని ఇరవై దాచుకున్నాడు. మా పాప జిలేబి కొని అందరికీ పంచి, మళ్ళీ యాభై అడిగింది. ఇచ్చాం. అవ్వ కాలంలో జాతరలో కొనుక్కు తినేవి పేలాలు, బెల్లం. మిగతా అంతా ఇంటి నుంచి తెచ్చిన రొట్టె, చెట్టు కింద రాళ్ళ పొయ్యి మీద పప్పు. 1940ల్లో హైమండార్ఫ్ ఇక్కడే దర్బారు పెట్టించాడు, అధికారులు వచ్చి ఆదివాసుల గోడు వినాలని. జనం ఎలాగూ వచ్చే చోట పెడితే వాళ్ళకు వేరే ఖర్చు ఉండదు. ఆ దర్బారు ఇప్పటికీ జరుగుతుంది. అమ్మ ఒకసారి పోయింది తాత నాలుగెకరాల గురించి. కాగితం తీసుకున్నారు. మంచినీళ్ళ ప్యాకెట్టు ఇచ్చారు.

ఆ రాత్రి మేనమామల దగ్గర తిన్నాం. జొన్నరొట్టె, కందిపప్పు, మినుముల గారెలు. నువ్వుల నూనె వాసన చలిలో దూరం దాకా వస్తుంది. మా పాప మొదటి గారె కొరికి, "ఇది మన నూనె కాదు" అంది. ఇంట్లో ప్యాకెట్టు నూనె ఆమెకు "మన నూనె" అయింది. పెద్దలు నవ్వారు. అమ్మ నవ్వలేదు, ఇంకో గారె ఆమె చేతిలో పెట్టింది.

సోమవారం పొద్దున జాతర నుంచే నేరుగా అంగడికి పోయాం. ఉప్పు, ఉల్లిగడ్డ, సబ్బు. నూనె రెండు ప్యాకెట్లకు బదులు ఒకటే కొంది అమ్మ. మామయ్య వాళ్ళింట్లో గారెలు వేయగా మిగిలిన నూనె సగం సీసా తిరిగి వచ్చిందట. జాతరకు రాలేని ముసలివాళ్ళ కోసం బొరుగులు, బెల్లం పొట్లాలు ఐదు కట్టించింది. ఇంటికి వచ్చాక కొంగు ముడి విప్పితే పిడికెడు కొర్రలు. మా ఊళ్ళో కొర్ర విత్తనం పోయి పదిహేనేళ్ళు దాటింది. జైనూరు వైపు నుంచి వచ్చిన ఆమె చుట్టం ఒకామె మర్రిచెట్టు దగ్గర ఇచ్చిందట. అమ్మ వాటిని చాటలో పోసి, చెత్త ఏరి, బూడిద కలిపి చిన్న సొరబుర్రలో పోసి మూత బిగించింది. అన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఎంత జాగా కావాలే వీటికి?" అన్నాడు.

"రెండు సాళ్ళు చాలు ఈ ఏడు" అంది అమ్మ. బుర్రను జొన్న వెన్నుల పక్కన దూలానికి కట్టింది.